గోడ వెనక ఉన్నదానికి ధర ఎలా కట్టాలి: వంటగది, దాని పైన బాత్రూమ్ – ఒక రీమోడలింగ్ ఎస్టిమేట్ కథ

ఇల్లు కట్టి 30 ఏళ్లు దాటింది. కింద వంటగది, దాన్ని ఆనుకుని చిన్న స్టోర్ రూమ్. వంటగదికి సరిగ్గా పైన, మేడ మీద బాత్రూమ్. ఇంట్లో పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. డబ్బు వ్యవహారాలు వేరే ఊళ్లో ఉండే వాళ్లమ్మాయి చూసుకుంటుంది. వాళ్లు అడిగింది ఇది: వంటగదికీ స్టోర్‌కీ మధ్య గోడ తీసేసి రెండూ ఒకటి చేయాలి. కొత్త ప్లాట్‌ఫాం, క్యాబినెట్లు, కొత్త ఫ్లోరింగ్ కావాలి. పైన బాత్రూమ్ మొత్తం విప్పి మళ్లీ చేయాలి. పని జరిగినన్నాళ్లూ వాళ్లు ఆ ఇంట్లోనే ఉంటారు.

నన్ను పిలిచేసరికే వాళ్ల చేతిలో ఒక కొటేషన్ ఉంది. "వంటగది, బాత్రూమ్ రీమోడలింగ్, మెటీరియల్‌తో సహా" అని ఒక లైను, పక్కన ఒక మొత్తం. అది ఎక్కువా తక్కువా చెప్పమని అమ్మాయి ఫోన్‌లో అడిగింది. చెప్పలేనండీ అన్నాను. ఆ మొత్తంలో ఏం కలిసిందో, ఏం కలవలేదో ఆ కాగితం చూస్తే తెలియదు. పాత పైపులు మారుస్తారా, వాటికే కొత్త ట్యాపులు బిగిస్తారా? గోడ తీస్తే పైన భారం దేని మీద నిలుస్తుంది? పగలగొట్టిన చెత్త ఎవరు మోస్తారు? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు మారినా మొత్తం మారిపోతుంది.

కొత్త ఇంటికి డ్రాయింగ్ చూసి లెక్క కట్టొచ్చు. పాత ఇంట్లో ఖర్చు పెంచేవి చాలావరకు ప్లాస్టర్ వెనక, టైల్స్ కింద ఉంటాయి. అవి కనపడవు కాబట్టి కొందరు ప్రతి రేటులోనూ కొంత కలిపి దాచుకుంటారు. కొందరు అసలు లెక్కలోకి తీసుకోకుండా తక్కువ మొత్తం చెప్పి, పని సగంలో ఉండగా అదనం అడుగుతారు. రెండు పద్ధతుల్లోనూ ఇంటివాళ్లు చీకట్లోనే ఉంటారు. చూసినదానికి గట్టి ధర చెప్పాలి, చూడలేనిదాన్ని పేరు పెట్టి రాసి, అది బయటపడితే ఎంతో ముందే చెప్పాలి. ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఇదే. ఈ ఇంట్లో అది ఎలా అమలైందో వివరంగా రాస్తున్నాను, ఎస్టిమేట్లు వేసే తోటి కాంట్రాక్టర్లకు పనికొస్తుందని.

రూపాయల అంకెల జోలికి వెళ్లను. రేట్లు ఊరూరికీ, నెలనెలకీ మారతాయి. అవసరమైన చోట నా ఎస్టిమేట్‌లోని గట్టి ధరల మొత్తాన్ని 100 అనుకుని చెబుతాను.

మొదటి అంకె

మొదటిరోజే "ఉజ్జాయింపుగా ఎంతవుతుంది?" అని అడగనివాళ్లు ఉండరు. అడగడంలో తప్పు లేదు, వాళ్ల దగ్గరున్న డబ్బుకి ఈ పని అందుతుందో లేదో తెలుసుకోవాలి కదా. కానీ ఆరోజు చెప్పే అంకె ఎంత పచ్చిదో కూడా వాళ్లకు తెలియాలి. ఏఏసీఈ ఇంటర్నేషనల్ అనే వృత్తి సంస్థ ఎస్టిమేట్లను 5 తరగతులుగా విడగొట్టింది. పని వివరాలు ఇంకా తేలనప్పుడు వేసేది 5వ తరగతి, అన్నీ తేలాక వేసేది 1వ తరగతి. అది పెద్ద ప్రాజెక్టుల కోసం పుట్టిన పద్ధతే అయినా, వంటగదికీ అదే తర్కం. నేను ఆరోజు ఒక్క అంకె చెప్పను, కింది హద్దు, పై హద్దు చెబుతాను. రెండింటి మధ్య దూరం ఎందుకు ఎక్కువగా ఉందో, ఏమేం చూస్తే అది తగ్గుతుందో కూడా చెబుతాను. ఆ చూడటానికి వేరే ఫీజు ఉంటుందని, పని నాకే ఇస్తే అది బిల్లులో తగ్గిస్తానని కూడా అప్పుడే అనేస్తాను. ఉచితంగా చూసిపోయేవాడు టేపు పట్టుకుని గదులు కొలిచి వెళ్లిపోతాడు. అంతకు మించి చూడటానికి అతనికి తీరిక ఉండదు.

విప్పి చూడటం

నాలుగుచోట్ల కొద్దికొద్దిగా విప్పడానికి పెద్దాయన అనుమతి తీసుకున్నాం.

మొదటిది మధ్య గోడ. పైన, శ్లాబ్‌కి ఆనుకున్నచోట అరచేయంత మేర ప్లాస్టర్ చెక్కించాను. అక్కడ బీమ్ కనపడితే గోడ కేవలం అడ్డుగోడే అయ్యే అవకాశం ఉంది. కనపడలేదు. 9 అంగుళాల ఇటుక నేరుగా శ్లాబ్ దాకా వెళ్లింది. మేడ మీదికి వెళ్లి కొలిస్తే బాత్రూమ్ గోడ సరిగ్గా దీని మీదే నిలబడి ఉంది. అంటే ఇది భారం మోస్తున్న గోడ. ఇలాంటిదాన్ని మేస్త్రీ ధైర్యం మీద వదలకూడదు. స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసి బీమ్ సైజు ఇవ్వాలి, ఆయన ఫీజు ఎస్టిమేట్‌లో ఒక లైనుగా ఉండాలి.

రెండోది సింక్ వెనక టైల్. ఒక్కటి ఊడదీస్తే లోపల జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) తుప్పుపట్టి పొరలు పొరలుగా లేస్తోంది. మేడ మీద ట్యాపులో నీళ్లు సన్నగా రావడానికి కారణం అక్కడే ఉంది, లోపల తుప్పు పేరుకుని దారి ఇరుకైంది. ఇలాంటి పైపుకి కొత్త ట్యాపు బిగించబోతే థ్రెడ్ దగ్గర విరగడం ఖాయం.

మూడోది స్విచ్‌బోర్డ్. మూత తీసి చూస్తే వంటగది ప్లగ్గులకి ఎర్త్ వైరే లేదు. ఫ్రిజ్, మిక్సీ, పైన గీజర్ అన్నీ ఒకే లైను మీద ఉన్నాయి. కొత్త క్యాబినెట్లలో ఓవెన్ పెట్టాలని వాళ్ల ఆలోచన. కాబట్టి బోర్డులు మార్చితే సరిపోదు, మెయిన్ దగ్గర్నుంచి వంటగదికి విడి లైన్లు లాగాలి. ఈ ఒక్క మూత తీయకపోతే ఎలక్ట్రికల్ పని "పాయింటుకి ఇంత" అని రాసేవాళ్లం. లాగాల్సిన వైరు దూరం ఏ పాయింటు లెక్కలోనూ రాదు.

నాలుగోది బాత్రూమ్. వంటగది సీలింగ్ మీద గోధుమరంగు మరక ఉంది, దాని చుట్టూ తట్టి చూస్తే ఒకచోట డొల్లగా మోగింది. పైన ట్రాప్ (నీళ్లు డ్రెయిన్‌లోకి పోయే చోటు) పక్కన ఒక ఫ్లోర్ టైల్ లేపాం. కింద నింపిన మట్టి, ఇటుక ముక్కలు తడిసి ముద్దగా ఉన్నాయి. సన్‌కెన్, అంటే పైపుల కోసం కిందికి దించి పోసిన శ్లాబ్ లోతు 300 మి.మీ. దాకా ఉంది. అదంతా తీయాలి. ఇంకొకటి, విప్పకుండానే కళ్లకు కనపడింది. ఒక గోడ మీద టైల్స్ డోర్ ఫ్రేమ్ కంటే ముందుకు వచ్చి ఉన్నాయి. పాత టైల్స్ తీయకుండా వాటి మీదే మరో వరస అంటించారన్నమాట. ఆ గోడకి పగలగొట్టే కూలీ, చెత్త బరువు రెండూ పెరుగుతాయి.

బయట గోడకున్న పాత పైపు ఆస్‌బెస్టాస్ సిమెంటుదిలా అనిపించింది. దాన్ని కదపకుండా కొత్త డ్రెయిన్ వేరే దారిలో తీసుకెళ్లేలా ప్లాన్ మార్చాం. ఆస్‌బెస్టాస్‌ని గ్రైండర్‌తో కోస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకి, క్యాన్సర్ వచ్చేంత ప్రమాదం. తీయక తప్పని పరిస్థితిలో అది ఆ పని తెలిసినవాళ్లే చేయాలి, ధర కూడా విడిగా ఉండాలి.

టైల్స్ లెక్క: 30 కాదు, 33 కాదు

స్టోర్ కాకుండా వంటగది వరకే చూస్తే 10 అడుగులు × 12 అడుగులు, అంటే 120 చదరపు అడుగులు. టైల్ "2 బై 2". ఒక్కోటి 4 చదరపు అడుగులు అనుకుంటే 30 టైల్స్, వేస్టేజీ 10 శాతం కలిపితే 33. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు.

కానీ 2 బై 2 అని పిలిచే టైల్ నిజానికి 600 మి.మీ. 2 అడుగులంటే 609.6 మి.మీ. 10 అడుగుల వెడల్పు 3048 మి.మీ. 5 టైల్స్, మధ్యలో 2 మి.మీ. చొప్పున 4 గ్యాపులు కలిపితే 3008. ఇంకా 40 మి.మీ. మిగిలింది. పొడవు 3658 మి.మీ.లో 6 టైల్స్, 5 గ్యాపులు కలిపి 3610, అక్కడ 48 మి.మీ. మిగిలింది. గోడ వెంట ఇంత సన్నటి ముక్క కనపడితే పని అసహ్యంగా ఉంటుంది, ఏ మంచి మేస్త్రీ ఒప్పుకోడు. అతను ఏం చేస్తాడంటే, మధ్యలో నిండు టైల్స్ వేసి రెండు పక్కలా సమానంగా కోసిన ముక్కలు పెడతాడు. వెడల్పులో 4 నిండువి, అటూ ఇటూ 319 మి.మీ. ముక్కలు. ఆ ముక్క సగం టైల్ కంటే పెద్దది, కాబట్టి ఒక్కో ముక్కకి ఒక్కో టైల్ పోతుంది. వరసకి 6 టైల్స్. పొడవులోనూ ఇదే కథ, 5 నిండు వరసలు, రెండు చివరలా 323 మి.మీ. కోతలు, మొత్తం 7 వరసలు. 6 × 7 = 42 టైల్స్. 33 తెప్పించిన చోట 42 కావాలి. మధ్యలో ఆపి మళ్లీ కొనడానికి వెళ్తే అదే బ్యాచ్ దొరక్కపోవచ్చు, షేడ్ తేడా వస్తుంది.

ఇక్కడే క్యాబినెట్ల డ్రాయింగ్ పనికొచ్చింది. ప్లాట్‌ఫాం ఎల్ ఆకారంలో 12 అడుగుల గోడ ఒకటి, స్టోర్‌కి ఎదురుగా ఉన్న 10 అడుగుల గోడ ఒకటి పట్టుకుని వెళ్తోంది. రెండు సన్నముక్కలూ ఆ రెండు గోడల వైపుకి నెట్టేస్తే క్యాబినెట్ల కిందికి పోతాయి, ఎవరికీ కనపడవు. నిండు టైల్స్ ఇవతలి గోడల నుంచి మొదలవుతాయి. సన్నముక్కలన్నీ రెండు టైల్స్‌లోంచి వచ్చేస్తాయి. 32 టైల్స్, పగిలేవాటికి కొన్ని కలిపి 35 రాశాను. గోడలు ఎంత సరిగ్గా ఉన్నాయో కూడా చూడాలి. రెండు చివరలా వెడల్పు, మూల నుంచి మూలకి కొలిచి చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడ తేడా ఒక వేలు మందం కూడా లేదు, స్కర్టింగ్ కింద సర్దుకుపోయింది.

చదరపు అడుగుల లెక్క పెద్ద హాలుకి సరిపోతుంది. చిన్న గదికి మాత్రం లేఅవుట్ గీసి టైల్స్ లెక్కపెట్టడం తప్ప దారి లేదు. గ్రాఫ్ పేపర్, పెన్సిల్ చాలు.

40 చదరపు అడుగుల బాత్రూమ్

బాత్రూమ్ 5 × 8 అడుగులు. వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్లు ఫ్లోర్ ఎంత అని అడిగి 40కి రేటు చెప్పేస్తారు. కానీ కోటింగ్ గోడల మీదికి కనీసం ఒక అడుగైనా ఎక్కాలి. చుట్టుకొలత 26, తలుపు రెండున్నర అడుగులు తీసేస్తే 23.5 చదరపు అడుగులు. షవర్ పడే మూలలో రెండు గోడలు కలిపి 8 అడుగుల పొడవున 6 అడుగుల ఎత్తు దాకా కావాలి. కింది అడుగు ముందే లెక్కలో ఉంది కాబట్టి మరో 40. మొత్తం 103.5. అడిగిన 40కి రెండున్నర రెట్ల పైన. 40కి ధర కట్టినవాడు మిగతా అరవైకి పైగా ఎక్కడ సర్దుకుంటాడు? పల్చగా పూస్తాడు, లేదా పూతని గోడ మీదికి తీసుకెళ్లడు. సీలింగ్ మీద మరక మళ్లీ వస్తుంది.

టైల్స్ వేసేముందు నీళ్లు నిలబెట్టి పరీక్షించడం నా ఎస్టిమేట్‌లో విడి లైను. 48 గంటలు నీళ్లు నిలపాలి, కింద సీలింగ్ చూడాలి. ఆ రెండు రోజులూ అక్కడ టైల్స్ మేస్త్రీకి పని ఉండదు. అతన్ని కూర్చోబెట్టినా, పంపించి మళ్లీ పిలిచినా ఖర్చే. ఈ లైను లేకపోతే పరీక్షే ఎగిరిపోతుంది, ఎందుకంటే దానికి డబ్బు ఎవరూ పెట్టలేదు.

ఇదే కారణంతో పైన బాత్రూమ్ ముందు, కింద వంటగది సీలింగ్ తరవాత అని వరస రాశాను. వరస కూడా ధరలో భాగమే. టైల్స్ మేస్త్రీ, ప్లంబర్ రెండేసి విడతలు రావాలి. చిన్న పనుల్లో ప్లంబర్‌ని గంట పనికి పిలిచినా సగం రోజు పోతుంది. పెద్ద హాలు టైల్స్ రేటుని తెచ్చి 40 చదరపు అడుగుల బాత్రూమ్‌కి వేస్తే మేస్త్రీ నష్టపోతాడు. అందులో మూలలు, పైపుల చుట్టూ కోతలు, ట్రాప్ వైపు వాలు, అన్నీ నిదానంగా చేయాల్సినవే. దీనికి రోజుల లెక్కనే కూలీ కట్టాను.

చెత్త

ఎస్టిమేట్‌లో అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. లెక్క కట్టి చూద్దాం. వంటగది, స్టోర్ కలిపి 180 చదరపు అడుగుల పాత ఫ్లోరింగ్, టైల్, కింద సిమెంటు మసాలా కలిపి 60 మి.మీ. మందం: 1 ఘనపు మీటరు. మధ్య గోడలో తీసే 6 × 7 అడుగుల ఇటుక (ఈ సైజు ఎలా తేలిందో కింద చెబుతాను): 0.9. బాత్రూమ్ గోడల టైల్స్, ప్లాస్టర్: సుమారు 0.5. సన్‌కెన్ నింపుడు: 1.1. మొత్తం మూడున్నర ఘనపు మీటర్లు. పగలగొట్టాక అది ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది, అంటే వాహనంలో 5 ఘనపు మీటర్లకు పైనే చోటు కావాలి. బరువు 6 టన్నులు దాటుతుంది. 25 కిలోల సంచుల్లో నింపితే దాదాపు 250 సంచులు. వాటిలో నూటికి పైగా మేడ మీది నుంచి మెట్ల మీదుగా, పెద్దవాళ్లు తిరిగే ఇంట్లోంచి దిగాలి. "చెత్త తరలింపు: లంప్‌సమ్" అని గంపగుత్తగా రాస్తే ఇంత మనిషి శ్రమ ఒక్క మాటలో మాయమైపోతుంది. చివరికి మోసేవాడి కూలీలోనే కోత పడుతుంది.

పగలగొట్టే రోజులు

కొత్తగా కట్టే పనికి కూలీ లెక్క అనుభవంతో వస్తుంది. పాతది విప్పడంలో మాత్రం ఏ గోడ ఎంత మొండికేస్తుందో చెప్పలేం. దానికి నేను మూడు అంకెలు వేస్తాను. బాగా జరిగితే 3 మనిషి-రోజులు (ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక మనిషి-రోజు), మామూలుగా 5, అన్నీ ఎదురు తిరిగితే 13. మధ్య అంకెని 4తో గుణించి, మిగతా రెండూ కలిపి, 6తో భాగిస్తే 6 వస్తుంది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం తయారుచేసుకున్న పెర్ట్ పద్ధతి నుంచి వచ్చిన సూత్రం ఇది. ఇందులో నాకు నచ్చేదేమిటంటే, "అన్నీ ఎదురు తిరిగితే" అనే ప్రశ్న వేసుకోక తప్పదు. ఆ 13 ఎందుకో రాయాలంటే రెండు వరసల టైల్స్, మెట్లు, మధ్యాహ్నం పెద్దవాళ్లు పడుకునే రెండు గంటలు చప్పుడు చేయకూడదన్న షరతు, ఇవన్నీ కాగితం మీదికి వస్తాయి.

ఇంట్లో మనుషులు ఉండగా చేసే పనికి ఇంకా ఖర్చులున్నాయి. దుమ్ము రాకుండా తలుపులకి షీట్లు, రోజూ సాయంత్రం శుభ్రం చేయడం, హాల్లో తాత్కాలికంగా పొయ్యి, సింక్ ఏర్పాటు. ఇవి ఒక్కొక్కటీ చిన్నవే, కలిపితే చిన్నవి కావు. విడిగా చూపించాను.

కాగితం మీద ఎలా పెట్టాను

గట్టి ధరలన్నీ ముందు. గోడ పని, ఫ్లోరింగ్, బాత్రూమ్ మొత్తం, ఎలక్ట్రికల్ లైన్లు, క్యాబినెట్లు, చెత్త. ఒక్కో లైనులో ఎంత పరిమాణం, ఏ రకం, ఎన్ని పూతలు అన్నీ ఉన్నాయి. ఇవి పెరగవు, పెరిగినా అది నా బాధ్యత. దీని మొత్తాన్నే ఇకపై 100 అంటాను.

తరవాత అలవెన్సులు. ట్యాపులు, సింక్, టైల్స్ వాళ్లింకా ఎంచుకోలేదు. "ఒక్కో ట్యాపుకి ఇంత, టైల్‌కి చదరపు అడుగుకి ఇంత" అని 100లోనే కలిపాను. ఖరీదైనవి కొంటే తేడా వాళ్లు కడతారు, తక్కువవి కొంటే తేడా వాళ్లకి తిరిగి వస్తుంది. అలవెన్సు కావాలని తక్కువ పెట్టి మొత్తం చిన్నగా చూపించడం చాలాచోట్ల చూస్తాను. ఇంటివాళ్లు కొట్టుకెళ్లి ఆ ధరకి ఏమీ దొరక్క తెల్లబోతారు. వాళ్లకి నచ్చే రకాలు ఏవో ఫోటోల్లో అడిగి, వాటి ధరలు కనుక్కునే పెట్టాను.

మూడోది ప్రొవిజనల్, అంటే చూడలేనివి. ఇక్కడ ప్రతిదానికీ అంచనా పరిమాణం, యూనిట్ రేటు రెండూ రాశాను. వంటగది నుంచి మేడకి వెళ్లే జీఐ పైపు మార్చడం 15 అడుగులు, అడుగుకి ఇంత. శ్లాబ్ అడుగున పెచ్చులూడి చువ్వలు తుప్పుపట్టి ఉంటే ఆ రిపేరు 10 చదరపు అడుగులు, చదరపు అడుగుకి ఇంత. ఇవన్నీ కలిపి 8 అయింది. ఎంత వాడితే అంతకే బిల్లు. యూనిట్ రేటు ముందే రాసుంటే, పని మధ్యలో బేరం ఆడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. గోడ విప్పిన తరవాత ఇంటివాళ్లు వేరే దారిలేని స్థితిలో ఉంటారు. ఆ సమయంలో ధర చెప్పడం న్యాయం కాదు.

చివర, కలవనివి. మిగతా గదుల పెయింటింగ్, ఓవెన్, చిమ్నీ, బయటి డ్రెయిన్ లైను. ధరలు 30 రోజులు చెల్లుతాయి. డబ్బు విడతలు పని దశలకి కట్టాను, తేదీలకి కాదు: నీళ్లు నిలబెట్టిన పరీక్ష నెగ్గాక ఒకటి, బీమ్ కూర్చున్నాక ఒకటి, అలా.

నా ఓవర్‌హెడ్, లాభం గురించి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడ తమకు తామే కోత వేసుకుంటారు. అమ్మకం ధరలో 25 శాతం మిగలాలనుకుని ఖర్చు మీద 25 శాతం కలుపుతారు. ఖర్చు 80 అయితే 20 కలిపి 100. మిగిలింది 100లో 20, అంటే 20 శాతమే. నిజంగా 25 శాతం కావాలంటే ఖర్చుని 0.75తో భాగించాలి. 80కి 106.7 వస్తుంది. ఆ తేడాలోంచే ఆఫీసు, వాహనం, పనిముట్ల అరుగుదల, బీమా, పనయ్యాక ఏడాదిపాటు వచ్చే చిన్న ఫిర్యాదులు, అన్నీ నడవాలి. అది లేనివాడు ఫిర్యాదు వస్తే ఫోన్ ఎత్తడు.

గోడ విషయంలో ఇంటివాళ్ల నిర్ణయం

పెద్దాయనకి గోడ మొత్తం తీయించాలని ఉంది. ఇంజనీర్ రెండు రకాలుగా డిజైన్ ఇచ్చారు. 10 అడుగుల గోడంతా తీస్తే బీమ్ పెద్దదవుతుంది, రెండు చివరలా కొత్తగా కాలమ్, దాని కింద పునాది కావాలి, అందుకు ఫ్లోర్ తవ్వాలి. 6 అడుగుల ఓపెనింగ్ అయితే రెండు పక్కలా మిగిలే రెండేసి అడుగుల గోడ మీద, కాంక్రీట్ దిమ్మెలు పోసి ఉక్కు బీమ్ కూర్చోబెట్టొచ్చు. రెండింటికీ పక్కపక్కనే ధర వేశాను. మొదటిది దాదాపు రెట్టింపు. రెండింటిలోనూ బీమ్ కూర్చునేదాకా పై భారం ఆపే జాకీల అద్దె, జాకీలు ఎన్నాళ్లు ఉండాలో, బీమ్‌కి తుప్పు పట్టకుండా పూత, చుట్టూ ప్లాస్టర్ అన్నీ కలిపే చూపించాను. లేకపోతే పోలిక సరిగ్గా రాదు.

"మరి వాళ్ల కొటేషన్‌లో గోడ తీయడం కూడా ఉంది కదండీ, అంత తక్కువలో ఎలా వస్తుంది?" అని అమ్మాయి అడిగింది.

"అందులో బీమ్ ఉందేమో వాళ్లని అడగండి. ఉంటే సైజు ఎంతో రాసివ్వమనండి. నా కాగితం కూడా వాళ్లకి చూపించండి, పర్వాలేదు. లైను లైనుకీ పోల్చి చూసుకున్నాకే చెప్పండి" అన్నాను.

మన కాగితం వేరేవాళ్లకి చూపిస్తే పని పోతుందని భయపడేవాళ్లు ఉన్నారు. నాకైతే ఆ భయం లేదు. లైన్లు విడగొట్టి రాసినది పోలికకి నిలబడుతుంది. వాళ్లు 6 అడుగుల ఓపెనింగ్‌కి ఒప్పుకున్నారు. మొత్తం మీద 100 గట్టిగా, చూడలేనివాటికి 8, అవి కాక మీ దగ్గర మరో 7 ఉంచుకోండి, 115 దాటే పరిస్థితి వస్తే పని ఆపి మాట్లాడతాను అని రాసి సంతకం పెట్టాం.

పని మొదలయ్యాక

బాత్రూమ్ విప్పితే ట్రాప్ జాయింట్ పగిలి ఉంది. నీళ్లన్నీ నింపుడులోకే పోతున్నాయి. అది గట్టి ధరలోనే ఉంది, బిల్లు మారలేదు. శ్లాబ్ అడుగున పెచ్చులు తీస్తే రిపేరు 6 చదరపు అడుగులకే సరిపోయింది, రాసుకున్నది 10. పైపు మాత్రం 15కి బదులు 22 అడుగులు మార్చాల్సి వచ్చింది, మేడ మలుపు దగ్గర కూడా తుప్పే. రెండూ అటూ ఇటూ పోగా ప్రొవిజనల్ 8లో 7 ఖర్చయింది. కొలిచేటప్పుడు పెద్దాయనని పక్కనే నిలబెట్టి టేపు రెండో కొస ఆయన చేతికే ఇచ్చాను.

మధ్య గోడ కోసేటప్పుడు ఎవరూ ఊహించనిది ఒకటి బయటపడింది. ఓపెనింగ్ మధ్యలోంచి మేడకి వెళ్లే వైరింగ్ పైపు. దీనికి ఏ జాబితాలోనూ చోటు లేదు. అక్కడ కోత ఆపి, ఫోటో తీసి, దారి మార్చడానికి ఎన్ని అడుగులు, ఎంత కూలీ, ఎన్ని గంటలు కరెంటు ఉండదు అన్నీ అరపేజీలో రాసి అమ్మాయికి పంపాను. ఆవిడ "సరేనండీ" అని జవాబిచ్చాకే ఎలక్ట్రీషియన్ చేయి పెట్టాడు. అది 1.5. ఈ అరపేజీ రాయడానికి పట్టే సమయంలో పని ఆగుతుందని మేస్త్రీలు విసుక్కుంటారు. నేను మాత్రం నోటిమాట మీద అదనపు పని ఎప్పుడూ మొదలుపెట్టనివ్వను. రెండు వారాల తరవాత ఆ మాట ఎవరికీ ఒకేలా గుర్తుండదు.

ట్యాపులు వాళ్లు అలవెన్సు కంటే మంచివి ఎంచుకున్నారు, ఆ తేడా 3. చివరి బిల్లు 111.5. ప్రతి అదనం పక్కనా అది ఏ కాగితంలోంచి వచ్చిందో రాసి ఇచ్చాను.

నా వైపు లెక్క కూడా మూసేశాను. పగలగొట్టడానికి 6 మనిషి-రోజులు అనుకున్నది కాస్త అటూ ఇటూగా అంతే అయింది. సంచులు దించడం ఎక్కువ పట్టింది, మెట్ల మలుపు ఇరుకు కావడంతో ఇద్దరు ఎదురెదురుగా నడవలేకపోయారు. వంటగది టైల్స్ 35లో మూడు మిగిలాయి, వాటిని వెనక్కి ఇవ్వకుండా ఇంట్లోనే దాచమన్నాను. ఎప్పుడైనా ఒకటి పగిలితే అదే బ్యాచ్ మళ్లీ దొరకదు. తరవాతి ఎస్టిమేట్ షీట్‌లో మెట్ల వెడల్పు అనే గడి కొత్తగా చేరింది, యూనిట్ రేట్ల పట్టికలో వైరింగ్ పైపు దారి మార్చడానికి అడుగుకి ధర కూడా చేరింది.